మెషీన్ లోపల హయ్యర్ పరీక్ష

నేను చెప్తుంటాను, నువ్వు రాయవే మనవరాలా. కానుకల సంచి దగ్గర మొదలుపెట్టు. డాక్టర్ల దగ్గర మొదలుపెడితే ఎవరూ చదవరు.

మా చర్చిలో ఆరాధన మధ్యలో కానుకల సంచి వరస వెంట చేతులు మారుతూ వస్తుంది. ఎర్ర మఖమల్ సంచి, దానికో కర్ర పిడి. నేను కూర్చునే చోటికి అది ఎడమ పక్క నుంచి రావాలి. ఉన్నట్టుండి రావడం మానేసింది. నోటు మడిచి గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటాను, పాట అయిపోతుంది, ప్రార్థన అయిపోతుంది, నోటు నా చెమటతో మెత్తబడి నాతోనే ఇంటికి వస్తుంది. చర్చి పద్ధతులు మారిపోతున్నాయని నేను లోపల్లోపల గొణుక్కున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. పక్కనున్నామె ప్రతి వారం సంచి నా ఎడమ మోచేతి దగ్గరికి చాచేదట. కాసేపు ఆగేదట. నేను శిలలాగా ముందుకే చూస్తూ కూర్చుంటే, పాపం ఇబ్బందిపెట్టడం ఎందుకని నా వెనక నుంచి దాటించేదట. టైపు టీచరమ్మకు ముసలితనంలో చెయ్యి బిగుసుకుపోయిందని ఆడవాళ్ల సమాజం మొత్తం నిర్ణయించేసింది. నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన కూడా చేశారు, నా మనసు మెత్తబడాలని.

టైపు టీచరమ్మ అంటే నేనే. అది కూడా రాయి, చదివేవాళ్లకు తెలియాలి. ఇప్పుడు అమీర్‌పేటలో గోడ కనపడకుండా కోచింగ్ బోర్డులు ఉన్నాయే, ఆ బోర్డులు పుట్టకముందు అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్‌లు ఉండేవి. మేడ మీద ఒక పొడవాటి గది, రెండు వరసల మెషీన్లు, పొద్దున ఆరింటి బ్యాచ్ నుంచి రాత్రి దాకా టకటకటక. అందులో ఒకటి నాది. లోయర్, హయ్యర్ టైపు పరీక్షలు పాసై సర్కారు ఆఫీసుల్లో కుర్చీలు పట్టినవాళ్లు నా చేతి కింద చాలామందే ఉన్నారు. నేను నేర్పింది ఒకటే సూత్రం. తల కదలకూడదు. వేళ్ల వైపు చూడకూడదు. కుడి పక్కన పెట్టిన కాపీ మీద, అంటే చూసి కొట్టాల్సిన కాగితం మీద, కళ్లు మాత్రం నడవాలి, వరస చివరికి వెళ్లి మళ్లీ మొదటికి రావాలి. తల తిప్పినవాళ్ల నెత్తి మీద స్కేలు పెట్టేదాన్ని. కొట్టడానికి కాదు, ఊరికే పెట్టడానికి. పడిపోతే వాళ్లదే తప్పు.

ఆ సూత్రమే నా కళ్లను దాదాపు ముంచింది. తొందరపడకు, చెప్తాను.

సంచి తర్వాత మనుషులు మాయమవడం మొదలుపెట్టారు. అమీర్‌పేట మెట్రో కింద నడుస్తుంటే పక్క నుంచి ఒక్కసారిగా ఆటో ఊడిపడేది. పక్కింటామె చప్పుడు లేకుండా వచ్చి చెవి దగ్గర మాట్లాడేది, పిల్లిలాగా నడవడం ఎక్కడ నేర్చిందా అనుకున్నాను. నేను అన్నిటికీ మెట్రో స్తంభాలనే తిట్టాను. నువ్వే నన్ను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లావు. అక్కడ ఒక గిన్నెలాంటి దాంట్లోకి మొహం పెట్టి, వెలుగు చుక్క కనపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చుక్కలు చాలా తక్కువ వచ్చాయి. పరీక్ష తేలిగ్గా ఇచ్చారని సంతోషపడ్డాను. కాగితం బయటికి వచ్చాక చూస్తే రెండు కళ్లకూ బయటి పక్కలు నల్లగా ఉన్నాయి. బండి గుర్రానికి గంతలు కడతారు చూడు, నేను కొంతకాలంగా అలా తిరుగుతున్నానన్నమాట, పైగా మిగతావాళ్లకు మర్యాద తెలియదని కోప్పడుతూ.

తల ఫొటో తీస్తే మెదడు అడుగున, ముక్కు వెనకాల, రేగుపండంత గడ్డ కనపడింది. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు సరిగ్గా దాని పైనే కలుసుకుంటాయట. ఇంత పెద్ద తలలో దానికి ఇంకెక్కడా చోటు దొరకలేదు.

బంజారాహిల్స్ ఆస్పత్రిలో సర్జన్ కోస్తావాడు, మంచి మర్యాదస్తుడు. నన్ను వదిలేసి నీతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నేను గొంతు సవరించుకున్నాను.

"సార్, తల నాది. జర నాకు సుత చెప్పున్రి."

ఆయన నవ్వి కుర్చీ నా వైపు తిప్పాడు. "అమ్మగారూ, ముక్కులోంచి వెళ్లి గడ్డ తీస్తాం. కింది భాగం సులువే. పైన ఒక పక్కకి కొంచెం ఎక్కువ పెరిగింది. అక్కడ నరం నొక్కుకుపోయి కాగితంలా పల్చబడింది, మామూలు ఫొటోలో గడ్డేదో నరమేదో తేలట్లేదు. నరం ఏ పక్కకి పోయిందో తెలిస్తే రెండో పక్క నుంచి మొత్తం తీసేయొచ్చు."

"తెల్వకపోతే?"

"పై ముక్క వదిలేయాలి. అది నొక్కుతూనే ఉంటుంది. లేదా ధైర్యం చేసి తీయాలి. ధైర్యం నాది, చూపు మీది. అందుకే ముందు నరం దారి తెలియాలి అంటున్నాను."

ఆయన నిజాయితీ నాకు నచ్చింది. మాట మాత్రం నచ్చలేదు. పక్కలు పోతే ఎలాగోలా బతుకుతాను, మధ్య కూడా పోతే? పొద్దున కాఫీతో పాటు పేపర్లో అచ్చుతప్పులు పట్టడం ఒక్కటే నాకు మిగిలిన ఉద్యోగం.

ఇక నీ సంగతి. సిగ్గుపడకుండా రాయి. నా కూతురి కూతురు ఇంజనీరింగ్ చదివి, అమీర్‌పేటలోనే ఏదో కోచింగ్ తీసుకుని, తలల ఫొటోలు సరిచేసే ఉద్యోగంలో చేరింది. నేను దాన్ని చాలాకాలం ఫొటో స్టూడియో పని అనుకుని అందరికీ అలాగే చెప్పాను. సర్జన్ అడిగిన నరం దారి గీసేది ఇలాంటివాళ్లేనని ఆ రోజు తెలిసింది. ఆస్పత్రివాళ్లు ఆ పని నీ ఆఫీసుకే ఇచ్చారు, నువ్వు పట్టుబట్టి నా తలను నీ చేతికి తీసుకున్నావు.

ఆ రాత్రి అన్నం దగ్గర నాకు పాఠం చెప్పావు.

"రెండు తీరుల ఫొటోలు అమ్మమ్మా. ఒకటి ఆకారం చూపిస్తది, మస్తు సాఫ్‌గ. రెండోదాంట్ల నీళ్లు ఎటు కదుల్తున్నయో తెలుస్తది. నరంల పోగులు ఎటు ఉంటె నీళ్లు అటే కదుల్తయ్. ఆ దారి పట్టుకొని పోతె నరం గీసుకోవచ్చు."

"మరి రెండోదే తీస్తె సరిపాయె గదా."

"అది మసక మసకగ వస్తది. ముక్కు దగ్గర గాలి ఉంటది చూడు, ఆడ సాగినట్టు సుత అయితది. అందుకే దాన్ని సరిచేసి, మొదటిదాని మీద కరెక్టుగ కూర్చోబెట్టాలె. జర పక్కకి జరిగినా నరం ఇంకో జాగల కనిపిస్తది."

ఇది నాకు వెంటనే అర్థమైంది. టైపు చేసిన కాగితం మెషీన్ నుంచి తీసేశాక తప్పు కనపడితే, మళ్లీ ఎక్కించి అదే వరస మీద అదే చోట అక్షరం పడేట్టు కూర్చోబెట్టడం ఎంత చావో నాకు తెలుసు. ఆ మాటే చెప్పాను. నువ్వు ఏమన్నావు? "అవ్, గట్లనే, గని కంప్యూటర్ చేస్తది" అన్నావు. కంప్యూటర్ మీద నీకున్న నమ్మకం చూసి నేను మజ్జిగ పోసుకున్నాను.

పంజాగుట్టలో స్కానింగ్ సెంటర్. అక్కడి టెక్నీషియన్ నా మెడలో గొలుసు, చేతికి గాజులు, జడలో పిన్నులు అన్నీ తీయించాడు. నన్ను చూసి ముందే బెంగపెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, లోపట మస్తు సప్పుడుంటది. భయపడొద్దు. తల జర కూడ కదలొద్దు. మీ ఏజోల్లు ఊకె కదుల్తరు, మల్ల మల్ల తియ్యాల్సొస్తది."

"నాకు చెప్తున్నవా బిడ్డా కదలొద్దని?" అన్నాను.

మొదటి ఫొటో చిన్నదే. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. మనసు కుదురుగా ఉంది. తర్వాత రెండోది మొదలైంది. ఆ చప్పుడు నీకు ఎలా చెప్పను. టకటకటకటక, మధ్యలో చిన్న విరామం, మళ్లీ టకటకటకటక. వాళ్లు భయపెట్టిన మోత ఇదేనా? ఇది నా ఆరింటి బ్యాచ్! రెండు వరసల పిల్లలు ఒక్కసారే కొడుతున్నట్టు, వరస చివర క్యారేజ్ తోసినట్టు ఆ విరామం. నా మేడ మీది గది తిరిగి వచ్చేసింది. రిబ్బన్ ఇంకు వాసన కూడా వచ్చిందంటే నువ్వు నమ్మవు. ఎంత హాయిగా పడుకున్నానో. తల మాత్రం అంగుళంలో వందో వంతు కూడా కదిలించలేదు.

బయటికి తీశాక ఆ టెక్నీషియన్ మొహం వెలిగిపోయింది. "సూపర్ పెద్దమ్మా! పోరగాళ్లు సుత గింత మంచిగ పండరు. ఒక్కసారి గూడ కదల్లే మీరు."

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఆటోలో నేను అదే మాట చెప్పుకుంటూ వచ్చాను. నీకు రెండుసార్లు, ఆటోవాడికి ఒకసారి. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద కూడా చెప్పాను. నా మనసు మెత్తబడాలని ప్రార్థించినవాళ్లు ఇప్పుడు నా గర్వం అణగాలని ప్రార్థించే పరిస్థితి తెచ్చాను.

తర్వాత నీ మొహం రోజురోజుకూ వాడిపోవడం చూశాను. ఎదురుగా కూర్చున్నప్పుడే సుమా, పక్కన కూర్చుంటే నాకెలాగూ కనపడవు. ఆ రోజుల్లో నువ్వు కావాలనే నా పక్కన కూర్చునేదానివి. నేను కథ చెప్తుంటే ఊ కొడుతూ ఫోన్ చూసుకోవడానికి. అది కూడా రాయి.

"ఏమైందే?" అని అడిగాను.

"మెదడంత బరాబర్ కూర్చుంటున్నది. గీత మీద గీత. గని కళ్ల దగ్గరికొస్తె నరం ఒకచోట, దాని పోగులు ఇంకోచోట. ఒక్కోపాలి రెండు నరాలున్నట్టు కనిపిస్తున్నది. ముందట తెగిపోయినట్టు ఉంటె, వెనక గడ్డ మీద చూపించేది సుత నమ్మబుద్ధి అయితలేదు."

"కంప్యూటర్ ఏమంటున్నది?"

"అంత మంచిగనే ఉన్నదంటున్నది."

"మరింకేం!"

నువ్వు నా వైపు చూసిన చూపు నాకు ఎదురుగానే పడింది.

నువ్వు ముక్కు దగ్గరి గాలిని తిట్టావు. సెంటర్‌వాళ్ల మెషీన్‌ను తిట్టావు. ఆఫీసులో ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రామ్‌ను తిట్టావు, అతను నీ కంప్యూటర్‌ను తిట్టాడు. నన్ను మాత్రం ఎవ్వరూ అనుమానించలేదు. కదలని పేషెంట్ అని కాగితం మీద రాసి ఉంది కదా. అంత మంచి పేరు ఒకసారి వచ్చాక ఎంత సుఖమో.

సర్జన్ ఫోన్ చేశాడు. గంతల మధ్య నాకు మిగిలిన సందు ఇంకా ఇరుకవుతోందని కొత్త పరీక్షలో తేలింది. "అమ్మగారూ, ఎక్కువ ఆగలేం. నరం మ్యాప్ రాకపోతే పై ముక్క వదిలేసి చేద్దాం. ఏంటి మీ ఉద్దేశం?" అన్నాడు. నా ఉద్దేశం ఏముంటుంది. ఉన్నంత మేరకు చూసుకుందామని ఆ సాయంత్రం బాల్కనీలో కూర్చుని, ఎదుటి మేడ మీది కోచింగ్ బోర్డు మొత్తం చదివాను. చదవడానికి తల అటూ ఇటూ తిప్పాల్సి వచ్చింది. తల తిప్పుతూ చదివేవాళ్ల నెత్తి మీద స్కేలు పెట్టినదాన్ని నేను.

అప్పుడు నువ్వు వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నావు. అదృష్టం, ఆ రోజు పక్కన కూర్చోలేదు.

"అమ్మమ్మా, మెషీన్ల నువ్వు ఏం చేసినవ్? నిజం చెప్పు."

"ఏం చెయ్యలే. పండుకున్న."

"కండ్లు తెరిచినవా?"

"మూసుకునే ఉన్న. దేవుని తోడు."

నువ్వు ఫోన్ తీసి, అలాంటి మెషీన్ చప్పుడు ఏదో వెతికి పెట్టావు. "గిట్లనే ఉండెనా?" అన్నావు. "కొంచెం స్పీడ్ తక్కువ" అన్నాను, పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. టకటకటకటక. అరే, ఎంత బాగుంది.

కాసేపటికి నీ గొంతు వినపడింది, చాలా మెల్లగా.

"అమ్మమ్మా. ఏం చదువుతున్నవ్?"

"ఏం చదువుతలేను."

"మరి రెప్పల కింద కండ్లు ఎందుకు ఉరుకుతున్నయ్? ఇటు నుంచి అటు పోతున్నయ్, మల్ల ఎగిరి మొదటికొస్తున్నయ్."

నేను కళ్లు తెరవకుండానే జవాబు చెప్పాను, ఎందుకంటే వరస మధ్యలో ఉన్నాను. "హయ్యర్ పేపర్ కొడుతున్ననే. వ్యాపార ఉత్తరం. ఆగు, అయిపోవస్తున్నది."

ఆ తర్వాత నువ్వు నవ్వావో ఏడ్చావో నాకు ఇప్పటికీ తెలియదు. బాల్కనీ అంతా అదిరేట్టు ఏదో చేశావు.

కనుగుడ్డు కదిలితే దాని వెనకనున్న నరం కూడా తాడులాగా ఊగుతుందట. ఒక ఫొటోలో నేను ప్రార్థనలో ఉన్నాను, కళ్లు నిలకడగా ఉన్నాయి. రెండో ఫొటోలో నేను పరీక్ష రాస్తున్నాను. పేపర్ మొత్తం, కుడి పక్కనున్న కాపీ చూస్తూ, ఒక్క తప్పు లేకుండా. తల కదల్లేదు కాబట్టి మెదడు చక్కగా కూర్చుంది. కళ్లు వరస వరసా నడిచాయి కాబట్టి నరాలు ఎక్కడా కూర్చోలేదు. నేను జన్మంతా నేర్పించింది తు.చ. తప్పకుండా పాటించానన్నమాట. నా విద్యార్థుల్లో కూడా ఇంత మంచివాళ్లు లేరు.

మళ్లీ పంజాగుట్ట. అదే టెక్నీషియన్. సంగతి విని అతను తల గోక్కున్నాడు.

"గింతమందిని చూసిన గని, లోపట టైపు కొట్టినోల్లను చూడలే పెద్దమ్మా." పైన నాకు కనపడేట్టు ఒక ప్లస్ గుర్తు కాగితం అంటించాడు. "కండ్లు తెరిచి దీన్నే చూడున్రి. ఈసారి ఏ పరీక్ష రాయొద్దు, దండం పెడత."

చెప్పడం తేలికే. చప్పుడు మొదలవగానే నా కళ్లు ఆ ప్లస్ గుర్తు నుంచి కుడికి జారబోయాయి. లాగి పట్టుకున్నాను. మళ్లీ జారాయి. వరస రమ్మంటోంది, వేళ్లు దుప్పటి కింద కదులుతున్నాయి. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటుకు వద్దు అని చెప్తే అది వింటుందా? ప్రార్థన చేద్దామంటే దాన్ని కూడా టైపు చేయడం మొదలుపెట్టాను. అప్పుడు భయం వేసింది. మొదటిసారి నిజంగా భయం వేసింది. ఈసారి కూడా కుదరకపోతే ఆ పై ముక్క నాలోనే ఉండిపోతుంది, ఆ కోచింగ్ బోర్డు కూడా ఒకరోజు నల్లగా అయిపోతుంది.

ఏం తోచిందంటే, పరీక్ష హాలు. హయ్యర్ పరీక్షలో గంట కొట్టకముందు ఒక క్షణం ఉంటుంది. కాగితం ఎక్కించి ఉంటుంది, వేళ్లు మీటల మీద ఉంటాయి, కళ్లు కాపీలో మొదటి అక్షరం మీద ఉంటాయి. ఎవ్వరూ కదలరు. గంట కొట్టకుండా రెండో అక్షరం చూసినవాళ్లను నేను లేపి బయటికి పంపేదాన్ని. ఆ ప్లస్ గుర్తే మొదటి అక్షరం అనుకున్నాను. గంట కోసం కూర్చున్నాను. చుట్టూ మిగతావాళ్లంతా మొదలుపెట్టేసి టకటకా కొట్టేస్తున్నారు, వీళ్లకు క్రమశిక్షణ లేదు, గంట కాలేదు, నేను మాత్రం మొదలుపెట్టను. కళ్లల్లో నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. రెప్ప ఆర్పాను గాని చూపు కదల్లేదు. గంట కొట్టనే లేదు. చివరికి స్పీకర్లో "అయిపాయె పెద్దమ్మా" అని వినపడింది. ఆ పరీక్షలో నేను ఒక్క అక్షరం కూడా కొట్టలేదు.

రెండు రోజులకు నువ్వు కంప్యూటర్ తెచ్చి నా ముందు పెట్టావు. ఊదారంగు తల, అందులో రెండు కళ్ల నుంచి బయల్దేరిన సన్నని రంగు పోగులు. ఎక్కడా తెగలేదు. గడ్డ దగ్గరికి వచ్చేసరికి పరిచిన రిబ్బన్‌లాగా పల్చబడి, ఎడమ వైపుకు వాలి, దాన్ని దాటి వెనక్కి వెళ్లిపోయాయి. నా రిబ్బన్ ఇంకా చిరగలేదు.

సర్జన్ ఆ బొమ్మ చాలాసేపు చూశాడు. ఇది గ్యారంటీ కాగితం కాదని, లోపలికి వెళ్లాక తన కళ్లతో కూడా చూసుకుంటానని చెప్పాడు. "కానీ కుడి పక్క నుంచి వెళ్లొచ్చమ్మగారూ. పై ముక్క కూడా వస్తుందనుకుంటున్నాను" అన్నాడు. వచ్చింది. ముక్కులో దూది కూరి కొన్నాళ్లు నన్ను నోటితో బతకమన్నారు. నాకు నోటితో బతకడం కొత్త కాదని నువ్వు నర్సుతో అన్నావట. విన్నాను.

మళ్లీ గిన్నె పరీక్ష. ఈసారి చుక్కలు బాగా ఎక్కువ వచ్చాయి, నొక్కీ నొక్కీ బొటనవేలు నొప్పెట్టింది. కాగితంలో ఎడమ వైపు నలుపు చాలావరకు పోయింది. కుడి వైపు కొంచెమే వెలిసింది, మిగతాది వస్తే వస్తుంది లేకపోతే లేదు అన్నారు. సరే. ఆదివారం ఎర్ర సంచి ఎడమ నుంచి వస్తుంటే మూడు కుర్చీల అవతలే చూశాను. అది నా దాకా రాకముందే చెయ్యి చాచి కూర్చున్నాను. పక్కనున్నామె బెదిరిపోయింది. ప్రార్థన ఫలించిందని చర్చి అంతా అనుకుంటోంది. నేను కాదనలేదు.

ఇంకొకటి రాసి ఆపు. ఇన్నాళ్లూ నేను ఏది చెప్పినా నువ్వు వచ్చి నా ఎడమ పక్కన కూర్చునేదానివి. ఈ వారం నుంచి కుడి పక్కన కూర్చోవడం మొదలుపెట్టావు. ఎందుకో నాకు తెలియదనుకున్నావా? ఊ కొట్టడం ఆపి లేచి ఇటు రా. ఎడమ పక్కన. ఆ, అక్కడ.

ఇప్పుడు కనపడుతున్నావు. ఆ ఫోన్ మీద రెండు బొటనవేళ్లతో కొడుతూ, ఒక్కో అక్షరానికీ మీటల వైపే చూస్తున్నావు. స్కేలు ఎక్కడ పెట్టానే?